మీ గ్రామపు పుటను మీరే దిద్దుకొనుడు

పండరంగని పద్యశాసనము వలన అద్దంకి పేరు తెలుగు చదివిన ప్రతివానికిని పరిచితమే. క్రీ.శ. 848 నాటిదని పండితులు నిర్ణయించిన ఆ శాసనము ఒక సేనాని విజయములను, ఆతడు చేసిన భూదానమును నేటికిని చెప్పుచున్నది. అది రాతిపై చెక్కిన వ్రాత. అందు ఒక్క అక్షరమును మార్చుటకు వీలులేదు, మార్చవలసిన అవసరమును లేదు.

కాని నడచుచున్న గ్రామము సంగతి వేరు. ఒక యేడు బోరుబావి ఎండిపోవును, మరియొక యేడు మంచినీటి ట్యాంకు వచ్చును. ప్రాథమిక పాఠశాల ఉన్నత పాఠశాల యగును. ప్రత్తి వేసిన చేనిలో మరుసటి యేట మిరప వేయుదురు. జిల్లా సైతము మారును. అద్దంకి 1970 వరకు గుంటూరు జిల్లాలో ఉండెను. ఆ సంవత్సరము ఒంగోలు కేంద్రముగా ఏర్పడిన క్రొత్త జిల్లాలో చేరెను. 1972లో ఆ జిల్లాకు ప్రకాశం పేరు పెట్టిరి. 2022 ఏప్రిలులో జరిగిన పునర్విభజనలో అద్దంకిని బాపట్ల జిల్లాలో చేర్చిరి. ఇట్టి మార్పు జరిగిన ప్రతిసారియు గ్రామమును గురించిన వ్రాత పాతబడును. దానిని దిద్దవలసినవారెవరు? ఊరి సంగతి ఎరిగిన మీరే.

ఆ పుట ఎక్కడ ఉన్నది?

తెలుగు వికీపీడియా అను విజ్ఞానసర్వస్వము 2003 డిసెంబరులో వెన్న నాగార్జున చొరవతో ఇంటర్నెట్టులో ఆరంభమైనది. దీనిని వ్రాయువారికి జీతములు లేవు. ఎవరైనను ఉచితముగా చదువవచ్చును, ఎవరైనను దిద్దవచ్చును. మన రాష్ట్రములోని గ్రామములలో చాలవాటికి ఇందు వేరువేరు పుటలు కలవు. విద్యా సౌకర్యములు, వైద్యము, త్రాగునీరు, పారిశుధ్యము, రవాణా, భూమి వినియోగము, నీటిపారుదల అను శీర్షికల క్రింద వివరములు ఉండును. వీనిలో అధికభాగము 2011 జనగణన నుండి గ్రహించినవి.

చిక్కు ఇచ్చటనే ఉన్నది. 2011లో మీ ఊర కొళాయి నీరు లేకపోయినచో, ఆ పుట నేటికిని లేదనియే చెప్పుచుండవచ్చును. ప్రాజెక్టు వ్రాయు విద్యార్థి దానినే ఎత్తి వ్రాయును. అమెరికాలో పుట్టిన మీ మనుమడు తాతగారి ఊరును గురించి దానినే చదువును. ప్రశ్నకు సమాధానము చెప్పు నేటి కృత్రిమ మేధ యంత్రములు సైతము ఇట్టి పుటలనుండి సమాచారము గ్రహించుచున్నవి. ఒకచోట నిలిచిన తప్పు పదిచోట్ల పలుకును.

దిద్దు పనిముట్టు

పూర్వము ఈ పుటలను దిద్దవలెనన్న కొన్ని గుర్తులను నేర్వవలసి ఉండెను. శీర్షికకు ఇరుప్రక్కల సమాన చిహ్నములు, లంకెకు జంట చదరపు కుండలీకరణములు ఉంచవలెను. ఒక గుర్తు తప్పినచో పుట రూపమే చెడును. ఈ భయముచే పెద్దలు చాలమంది దగ్గరకు రాలేదు. 2013 నుండి వికీపీడియాలో విజువల్ ఎడిటరు అను సాధనము వ్యాప్తిలోనికి వచ్చినది. ఇందు పుట చదువునప్పుడు ఎట్లు కనబడునో, దిద్దునప్పుడును ఇంచుమించు అట్లే కనబడును. కంప్యూటరుపై అర్జీ టైపు చేయగలవాడు దీనిని వాడగలడు.

మొదట మీ పేరిట ఒక ఖాతా తెరువుడు. ఖాతా మనిషికొక్కటిగా ఉండవలెను. పంచాయతీ పేరిట ఒకటి తెరచి అందరును వాడుట తగదు. పిమ్మట మీ గ్రామపు పుటకు పోయి, పైనున్న ‘సవరించు’ అను మాటను నొక్కుడు. దాని ప్రక్కనే ఉండు ‘మూలపాఠ్యాన్ని సవరించు’ అనునది పాత గుర్తుల పద్ధతి. ప్రారంభకులకు దానితో పనిలేదు. పుట తెరచుకొన్న వెంటనే, మార్పు కావలసిన వాక్యముపై మౌసుతో నొక్కి టైపు చేయుడు. తెలుగు కీలు తెలియనివారు లిప్యంతరీకరణ పద్ధతిని ఎన్నుకొన్నచో, ఆంగ్ల కీలపై కొట్టిన శబ్దము తెలుగు అక్షరమై పడును. పైవరుసలో ఉండు గొలుసు గుర్తు ఒక పుటనుండి మరియొక పుటకు దారి కల్పించును. ప్రక్కన పెట్టెలో ఉండు జిల్లా, మండలము వంటి వివరములను మార్చుటకు ఆ పెట్టెపై నొక్కినచో చిన్న పట్టిక తెరచుకొనును.

పని ముగిసిన పిదప ప్రచురించు మీటను నొక్కుడు. అప్పుడు ‘సవరణ సారాంశం’ అను ఖాళీ వచ్చును. అందు ఏమి మార్చితిరో ఒక్క ముక్కలో వ్రాయుడు. ఇది మినిట్సు పుస్తకములో కారణము వ్రాయుట వంటిది. తొలి అభ్యాసమును మీ ఖాతాలోని ‘ప్రయోగశాల’ యందు చేసికొనుట మేలు. అచ్చట ఎన్ని తప్పులు చేసినను ఊరి పుటకు హాని లేదు.

పోయినది తిరిగి వచ్చును

ఒక గ్రామమున నేను ఈ విధానమును చూపుచుండగా, ఉత్సాహవంతుడైన ఒక యువకుడు పుటలోని పాఠమంతయు చెరిపి ప్రచురించివేసెను. సభ్యులు నిర్ఘాంతపోయిరి. సర్పంచి గారు, “ఇక మన ఊరు లేనట్లేనా అయ్యా?” అని అడిగిరి. ‘చరిత్ర’ అను మాటను నొక్కి చూపితిని. పుట పుట్టిన నాటినుండి ఎవరు ఏనాడు ఏమి మార్చిరో అంతయు అందు వరుసగా ఉన్నది. ఒక్క నిమిషములో పాత పుట తిరిగి వచ్చెను. కావున భయపడకుడు. కాని, మీరు చేసిన ప్రతి మార్పును అందు నిలిచియుండునని మరువకుడు.

ఏమి వ్రాయవలెను, ఏమి వ్రాయరాదు?

ఆనాడే ఒక పెద్దమనిషి మరియొక ప్రశ్న వేసెను: “మా ఊర ట్యాంకు ఉన్నదని నా కంటితో చూచుచున్నాను. దానికి సాక్ష్యమెందుకు?” న్యాయమైన ప్రశ్నయే. కాని వంద క్రోసుల దూరమున చదువువాడు మీ కన్నులతో చూడలేడు. కావున ప్రతి సంగతికిని ప్రచురితమైన ఆధారము చూపవలెను. ప్రభుత్వ గెజిటు, జనగణన గ్రంథము, వార్తాపత్రిక, చరిత్ర పుస్తకము ఇందుకు పనికివచ్చును. జిల్లా పేరు మార్చునప్పుడు తాజా గెజిటు ప్రకటననే చూడుడు.

2011 అంకెలను చెరపకుడు. 2021లో జరుగవలసిన జనగణన జరుగకపోవుటచే, ఆ అంకెలకు విలువ తగ్గలేదు. వాని ప్రక్కన సంవత్సరము ఉండునట్లు చూచి, క్రొత్త సంగతిని క్రొత్త తేదీతో, ఆధారముతో దిగువ చేర్చుడు. పాతది, క్రొత్తది రెండును ఉన్నప్పుడే గ్రామము ఎంత నడచినదో తెలియును.

పాలకవర్గపు ఘనత, ప్రతిపక్షముపై నింద, కులముల తగవు, ఇరుగుపొరుగు వారి ఇంటి సంగతులు, ఫోను నంబరులు ఇందు వ్రాయరాదు. మిమ్ము గురించి మీరే వ్రాసికొనుటయు మర్యాద కాదు. ఇతరులు తీసిన ఫోటోలను పెట్టకుడు. చెరువు, గుడి, బడి, మిరప కళ్ళములను మీరు స్వయముగా తీసి చేర్చుడు. వాటిని అందరును స్వేచ్ఛగా వాడుకొనుటకు అంగీకరించినట్లే యగును. సందేహము కలిగినచో అనుభవజ్ఞులను అడుగుటకు అందు ఒక చోటు కలదు. దాని పేరు ‘రచ్చబండ’. ఆ పేరు మీకు క్రొత్త కాదు గదా!

సభ్యులారా! ఈ పనికి నిధులు అక్కరలేదు. రాబోవు సమావేశమున మీ గ్రామపు పుటను అందరికిని చదివి వినిపింపుడు. తప్పులను కాగితముపై గుర్తింపుడు. ప్రతి దానికిని ఆధారము వెదకుడు. ఊరి ఉపాధ్యాయుని, కంప్యూటరు తెలిసిన ఒక బాలికను ప్రక్కన కూర్చుండబెట్టుకొని, మొదటి దినమున ఒక్క వాక్యమును మాత్రము దిద్దుడు. మీ ఊరిని గురించి లోకము చదువు మాట నిజమైన మాటగా ఉండవలెనన్న, ఆ ఒక్క వాక్యముతోనే ఆరంభము కావలెను.