తెరమీఁది కత్తిపోటు

మన చలనచిత్రములలో నాయకుఁడు కత్తులు దూసిన పదిమంది నొంటిగ నెదుర్కొనును. పొట్టలో పోటు దిగినను తలగుడ్డ బిగించి మరల లేచును. తోలు ఒరనుండి తీసిన కత్తి సైతము ఖంగున మ్రోగును! కళకు కొంత అతిశయోక్తి తగును. కాని యిది కేవల మసత్యము.

నల్లగొండ, మహబూబునగరు పల్లెలలో కత్తి వింతవస్తువు కాదు. తాళ్లెక్కు గౌడుని నడుమున గీతకత్తి, గొల్లవాని భుజమున గొడ్డలి యుండును. పదునుతో బ్రదుకువారు దానితో నాటలాడరు. తొడ మొదటి పెద్ద రక్తనాళము తెగినచో కొలఁది నిమిషములలో ప్రాణము పోవును. పొడిచినవాని చేయియు నెత్తుటితో జాఱి తన కత్తికే తెగుట కలదు.

ఈ గడ్డ నిజమైన పోరాటమును గూడ చూచినది. 1946 జూలై 4న, అప్పటి నల్లగొండ జిల్లా కడవెండిలో దొడ్డి కొమురయ్య తుపాకి గుండునకు నేలకొఱిగెను. నాఁటి రైతులు పట్టినవి వడిసెలలు, కఱ్ఱలు, రోకళ్లు. ఆ పోరాటమును 1979లో గౌతమ్ ఘోష్ ‘మా భూమి’గ చిత్రించినపుడు గారడీ పోరులతో పని లేకపోయెను. ప్రజ లా చిత్రము నాదరింపలేదా?

కత్తులను తెరనుండి తొలఁగింపుఁడని మేము కోరుటలేదు. పోటు తరువాతి నిమిషమును గూడ చూపుఁడని కోరుచున్నాము. దానిని చూచిన కుఱ్ఱవాఁడు జాతరలో మాటామాటా పెరిగినపుడు మొలకత్తిపై చేయి వేయుటకు జంకును. ఆ జంకే యొక తల్లికి కడుపుకోత తప్పించును.