‘దొరకలేదు’ అంటే చాలదు: యంత్రం కారణం కూడా చెప్పాలి

రాయగడ ప్రాంతం 1992 అక్టోబరు 2 వరకు కోరాపుట్ జిల్లాలో అంతర్భాగము. అంతకు పూర్వపు పత్రాలలో జిల్లా పేరు కోరాపుట్ అనియే ఉంటుంది. రాష్ట్రం పేరు సైతం 2011లో ఒరిస్సా నుండి ఒడిశాగా మారింది. తండ్రి పాత పత్రంతో ఉపకారవేతనానికి దరఖాస్తు చేసే బాలికకు కంప్యూటరు ‘వివరాలు దొరకలేదు’ అని మాత్రమే చెప్పినచో, ఆమె తప్పు తనదేనని వెనుదిరుగుతుంది. ఈలోగా గడువు దాటిపోవచ్చును.

తెరపై కనిపించే ఫారము, దూరాన ఉన్న సర్వరు మాట్లాడుకొనే మార్గమే ఏపీఐ. ఆ సంభాషణ తరచుగా జేసన్ రూపంలో సాగుతుంది. హాజరుపట్టీలో పేరు, దాని ఎదుట గుర్తు ఉన్నట్లే, జేసన్‌లో పేరు, దాని ఎదుట విలువ ఉంటాయి. ప్రతి జవాబుకు ఒక సంఖ్య తోడుగా వస్తుంది. 200 అనగా సఫలము; 400 అనగా పంపిన వివరాలలో దోషము; 404 అనగా కోరినది లేదు; 500 అనగా సర్వరులోనే లోపము.

2005లో విడుదలైన జాంగో అమెరికాలోని లారెన్స్ పట్టణపు వార్తాపత్రిక కార్యాలయంలో పుట్టినది. దానిపై నిర్మించిన జాంగో రెస్ట్ ఫ్రేమ్‌వర్క్, వస్తువు లేనప్పుడు ‘డీటెయిల్’ అనే పేరు ఎదుట ఒక చిన్న సందేశాన్ని మాత్రమే పంపుతుంది. ప్రోగ్రామరు దీనిని మార్చవచ్చును. వ్యూ చివర ‘రెస్పాన్స్’కు తాను కూర్చిన వివరాలను, తగిన సంఖ్యను అందిస్తే చాలు. అన్ని వ్యూలకు ఒకే పద్ధతి కావలెనన్న, ఎక్సెప్షన్ హ్యాండ్లర్ అనే ఫంక్షన్ ఒకటి వ్రాసి సెట్టింగులలో పేర్కొనాలి. అప్పుడు జవాబు ఇలా ఉండగలదు:

{"ఫలితం": "విఫలం", "గడి": "జిల్లా", "కారణం": "పత్రంలోని జిల్లా పేరు ప్రస్తుత జాబితాతో సరిపోలేదు", "సూచన": "1992కు ముందరి పత్రమైతే ప్రస్తుత జిల్లాను ఎంచుకొనండి"}

ఇందులో మూడు జాగ్రత్తలు అవసరము. విఫలమైన పనికి 200 పంపరాదు. పంపితే అవతలి యంత్రం పని పూర్తయినదని భ్రమపడుతుంది. ఆధార్ సంఖ్య వంటి సొంత వివరాలను జవాబులో చేర్చరాదు. సందేశాలను తెలుగులోను, ఒడియాలోను సిద్ధం చేయాలి. ఏ భాష కావలెనో అభ్యర్థనతోనే తెలిపే వీలున్నది. జేసన్ రెండు లిపులనూ మోయగలదు.

దరఖాస్తు ఆగిపోయినప్పుడు తెరపై సంఖ్య కనిపిస్తే వ్రాసుకొనుట మంచిది. 400 అయినచో ఫారమును మరల సరిచూడాలి. 500 అయినచో దోషము దరఖాస్తుదారునిది కాదు. కొంతసేపటికి మళ్ళీ ప్రయత్నించాలి.