ఉద్యోగ దరఖాస్తు: బయోడేటాలో జరిగే పొరపాట్లు

ఇంటర్వ్యూకు పిలుపు రాకపోతే అర్హత చాలలేదని భావిస్తాము. కొన్ని సందర్భాలలో కారణం బయోడేటా మొదటి పంక్తిలోనే, అంటే పేరులోనే ఉండవచ్చు.

తెలుగువారు ఇంటిపేరును ముందుంచి, తరచుగా ఒక్క అక్షరానికి కుదిస్తారు. మహారాష్ట్రలో తండ్రి పేరు కూడా చేరుతుంది. అందుచేత పదవ తరగతి పత్రంలో ‘కె. వెంకటేశ్’, ఆధార్‌లో ‘వెంకటేశ్ నర్సయ్య కొండా’, బయోడేటాలో ‘కొండా వెంకటేశ్’ అని మూడు రూపాలు ఏర్పడతాయి. ఈ ముగ్గురూ ఒక్కరేనని పరిశీలకులకు ఎలా తెలుస్తుంది? పదవ తరగతి పత్రంలోని రూపాన్నే వాడి, తక్కినవాటిని దానికి అనుగుణంగా సరిచేయించుకోండి. వివాహానంతరం ఇంటిపేరు మారిన స్త్రీలు పాత పేరునూ పేర్కొనాలి.

ఇంట తెలుగు, వీధిలో మరాఠీ, పనిలో హిందీ మాట్లాడే మనవారు భాషల వద్ద ‘ఇంగ్లీషు’ అని మాత్రమే వ్రాయడం విచిత్రం. దుకాణాలలో, ఆసుపత్రులలో ఆ మూడు భాషలే మీ బలం. ఏది చదవగలరో, ఏది మాట్లాడగలరో విడివిడిగా తెలపండి. మరమగ్గం మీదనో, కుట్టుపనిలోనో గడచిన సంవత్సరాలను ఖాళీగా వదలవద్దు. జీతపు చీటీ లేకున్నా అది అనుభవమే.

ప్రైవేటు ఉద్యోగాల బయోడేటాలో ఆధార్ సంఖ్య, మతం, కులం అక్కరలేదు. ఫోన్ నంబరు మాత్రం ప్రతిసారి సరిచూసుకోండి. సిమ్ మార్చిన తరువాత పాత బయోడేటానే నెలల తరబడి పంపినవారిలో ఈ వ్యాసకర్త కూడా ఒకడు.