ఆలుమగలు కౌన్సెలర్ దగ్గరకు వెళ్ళే ముందు

తెనాలి, బాపట్ల, రేపల్లె వైపు రామాపురం లాంటి ఊళ్ళో ఒక ఇల్లు అనుకోండి. పెళ్ళయి తొమ్మిదేళ్ళు, ఇద్దరు పిల్లలు. భర్తకు ఎరువుల కొట్టు. భార్య డిగ్రీ చదివి ఇంట్లోనే ఉంది. అత్తగారు కలిసే ఉంటారు. ఆర్నెల్లుగా ఆలుమగల మధ్య మాటల్లేవు. "మీ నాన్నను అన్నానికి రమ్మను", "కొట్టు తాళాలు ఎక్కడ పెట్టిందో మీ అమ్మను అడుగు" - ఇలా ఏడేళ్ళ ఆడపిల్ల ఇద్దరి మధ్యా తపాలా మోస్తూ ఉంటుంది. ఆ పిల్లకు రెండు నెలలుగా కడుపునొప్పి. డాక్టరు గారు పరీక్షలన్నీ చేయించి, కడుపులో ఏమీ లేదన్నారు.

ఏమీ లేకపోవడం నిజమే. కానీ పిల్ల నొప్పి కూడా నిజమే. పెద్దవాళ్ళ మధ్య బిగుసుకున్న ముడి పిల్లల ఒంట్లో ఇలా బయటపడడం అరుదేమీ కాదు. కుటుంబ చికిత్స చేసేవాళ్ళు మొదట గమనించేది దీన్నే. జబ్బు ఒకరిలో కనిపించినా, దాని వేళ్ళు ఇంటిల్లిపాది మధ్యా ఉండవచ్చు.

ఇలాంటప్పుడు మన వైపు ఒక ఆనవాయితీ ఉంది. అమ్మాయి పుట్టింటివాళ్ళు వస్తారు. మేనమామో, పెళ్ళి కుదిర్చిన పెద్దమనిషో మధ్యలో కూర్చుంటాడు. తప్పెవరిదో తేలుస్తారు, ఒకరి చేత తల వంచి మాట ఇప్పిస్తారు, కాఫీలు తాగి వెళతారు. పెద్దమనుషులను నేను చిన్నచూపు చూడను. ఆస్తి తగాదాలకూ, అప్పుల తగాదాలకూ వాళ్ళు అవసరమే. కానీ కాపురంలో ఒకరు గెలిచి ఒకరు ఓడితే, ఆ రాత్రి ఒకే ఇంట్లో పడుకోవలసింది ఆ గెలిచినవారూ ఓడినవారే! ఓడినవారు ఊరుకుంటారా? మరో ఆర్నెల్లకు మళ్ళీ కబురు వెళుతుంది.

కౌన్సెలర్ దగ్గరకు వెళ్ళేవాళ్ళు ఈ పంచాయితీని మనసులో పెట్టుకునే వెళతారు. పెళ్ళినాటి నుంచీ జరిగిన అన్యాయాలన్నీ కాగితం మీద రాసుకుని, "మీరే చెప్పండి, తప్పెవరిది?" అని అడుగుతారు. మంచి కౌన్సెలర్ అయితే చెప్పరు. దాంతో, డబ్బు తీసుకుని ఏమీ చెప్పలేదే అని రెండో విడతకు ఎగ్గొట్టేవాళ్ళు కొందరు. తీర్పు చెప్పడం ఆ గదిలో పని కాదు. ఈ ఒక్క సంగతి ముందే తెలిస్తే సగం నిరాశ తప్పుతుంది.

మరి మొదటి రోజు ఏం జరుగుతుంది? సామాన్యంగా ముప్పావు గంట నుంచి గంట పడుతుంది. మీరు చెప్పినవి ఎవరికీ చెప్పమని ముందు మాట ఇస్తారు. ప్రాణాపాయం ఉన్నప్పుడు మాత్రం ఆ మాటకు మినహాయింపు ఉంటుంది. 2017 నాటి మానసిక ఆరోగ్య చట్టం కూడా వైద్య వివరాల గోప్యతను రోగి హక్కుగా గుర్తించింది. తర్వాత చాలామంది కౌన్సెలర్లు ఒక వంశవృక్షం గీస్తారు. మగవారికి చదరం, ఆడవారికి సున్న, మధ్య గీతలు. తాతల నుంచి మనవల దాకా మూడు తరాలు. ఎవరికి ఎవరితో చనువు, ఎవరు ఎవరితో పలకరు, ఎవరు తాగేవారు, ఎవరు ఇల్లు వదిలి పోయారు, అన్నీ అందులోకి ఎక్కుతాయి. చిత్రమేమిటంటే, ఈ బొమ్మ ముందు కూర్చున్న భర్త ఒక్కోసారి తనంతట తానే అంటాడు: "మా నాన్న కూడా కోపం వస్తే నెలల తరబడి మాట్లాడేవాడు కాదండీ."

ప్రశ్నలు కూడా వేరుగా ఉంటాయి. "మీ ఆయన ఎందుకలా చేస్తారు?" అని అడగరు. "మీరిద్దరూ మాట్లాడుకోనప్పుడు అత్తగారు ఏం చేస్తారు? అప్పుడు పాప ఎక్కడుంటుంది?" అని అడుగుతారు. తప్పు మీది నుంచి చూపు పక్కకు జరిగి, ఇంట్లో రోజూ తిరిగే చక్రం మీద పడుతుంది.

ఇదంతా దొరల నుంచి తెచ్చుకున్న విద్య అనుకోకండి. అమెరికాలో మర్రే బోవెన్ అనే వైద్యుడు 1954 నుంచి రోగులతో పాటు ఇంటివారిని కూడా ఆస్పత్రి వార్డులో ఉంచి చూసిన మాట నిజమే. దాదాపు ఆ రోజుల్లోనే, 1950ల్లో, అమృత్‌సర్ మానసిక చికిత్సాలయంలో డాక్టర్ విద్యాసాగర్ ఆవరణలో గుడారాలు వేయించి, రోగుల బంధువులను అక్కడే ఉండనిచ్చారు. ఇంటివాళ్ళు దగ్గరుంటే రోగి త్వరగా కోలుకోవడం, ఇంటికి వెళ్ళాక నిలదొక్కుకోవడం ఆయన చూశారు. వెల్లూరు క్రిస్టియన్ వైద్య కళాశాలలో కూడా రోగి వెంట ఇంటివారు ఉండే పద్ధతి పెట్టారు. బెంగుళూరు నిమ్‌హాన్స్‌లో 1977లో కుటుంబ చికిత్సకు విడిగా కేంద్రమే వెలిసింది.

"మా ఆయన రారు" అన్నది ఇల్లాళ్ళ మొదటి సందేహం. అయితే మీరొక్కరే వెళ్ళండి. చక్రంలో ఒక్క ఆకు కదిలినా మిగతావి అలాగే ఉండలేవు. కానీ పిలిచే తీరులో పిలవాలి. "మీకు బుద్ధి చెప్పించడానికి" అని తీసుకెళ్ళబోతే ఏ మగవాడూ రాడు. "నాకు రాత్రిళ్ళు నిద్ర పట్టడం లేదండీ. పాప కడుపునొప్పి చూస్తే భయంగా ఉంది. ఒక్కసారి నాతో వచ్చి కూర్చోండి, చాలు" అంటే వచ్చేవాళ్ళు చాలామంది. అత్తగారిని మొదటి రోజే తీసుకుపోనక్కరలేదు. అవసరమైతే కౌన్సెలరే పిలుస్తారు. పిలిచినప్పుడు మాత్రం ఆవిడను ముద్దాయిలా కూర్చోబెట్టకండి.

ఊళ్ళో తెలిస్తే ఏమంటారో అన్నది రెండో భయం. రామాపురంలో బస్సెక్కితే పక్క సీట్లో తెలిసినవాళ్ళే ఉంటారు. గుంటూరు పెద్దాస్పత్రిలోనూ, మంగళగిరి ఎయిమ్స్‌లోనూ మానసిక వైద్య విభాగాలున్నాయి. ఓపీ చీటీ చూసి ఎవరూ ఆరా తీయరు. ప్రయాణం కుదరకపోతే టెలీ మానస్ ఉంది, నంబరు 14416. 2022 అక్టోబరులో మొదలైన ఈ ప్రభుత్వ సేవ ఉచితం, రాత్రీ పగలూ పలుకుతుంది, తెలుగులో మాట్లాడవచ్చు. ఎక్కడికి వెళ్ళాలో తెలియనివారు అక్కడి నుంచే మొదలుపెట్టవచ్చు.

బోర్డు చూసి నమ్మకండి. కాలిఫోర్నియాలో 1963 నుంచే వివాహ సలహాదారులకు లైసెన్సు ఉంది. మన దేశంలో ఈ పనికని విడిగా లైసెన్సు లేదు. కాబట్టి చదువు అడగండి. క్లినికల్ సైకాలజిస్టు అయితే భారత పునరావాస మండలి రిజిస్ట్రేషను నంబరు ఉంటుంది. మానసిక వైద్యులూ, శిక్షణ పొందిన సైకియాట్రిక్ సోషల్ వర్కర్లూ ఈ పని చేస్తారు. అడిగితే కోపగించుకునేవారి దగ్గర కూర్చోకపోవడమే మేలు. ఫీజెంత, ఎన్ని విడతలు పట్టవచ్చు, నేను విడిగా చెప్పిన మాట నా భర్తకు చెబుతారా - ఈ మూడూ కూడా మొదటి రోజే తేల్చుకోండి.

కాపురంలో ప్రతి ముడీ మాటలతోనే విడిపోదు. కాన్పు తర్వాత నెలల తరబడి దిగులు, థైరాయిడ్ లోపం, మధుమేహం వల్ల మగవారిలో వచ్చే లైంగిక ఇబ్బంది, తాగుడు - వీటికి వైద్యం పక్కనే జరగాలి. ఈ పరీక్షలు చేయించకుండా ఆర్నెల్లు మాట్లాడించే కౌన్సెలర్ మీద నాకు నమ్మకం లేదు.

కొట్టే భర్త విషయం వేరు. దెబ్బలు పడుతున్న ఇంట్లో ఇద్దరినీ పక్కపక్కన కూర్చోబెట్టి మనసు విప్పమనడం ప్రమాదం. గదిలో ఆమె చెప్పిన నిజానికి ఇంటికెళ్ళాక దెబ్బలు తినవలసి వస్తుంది. అలాంటప్పుడు కౌన్సెలర్‌ను విడిగా కలవండి, లేదా మహిళా హెల్ప్‌లైన్ 181కి ఫోన్ చేయండి. 2005 గృహహింస చట్టం కింద రక్షణ కోరవచ్చు. అపాయం ముంగిట్లో ఉంటే 112. చచ్చిపోవాలన్న మాట ఎవరి నోట వచ్చినా "బెదిరింపు" అని కొట్టిపారేయక, ఆ రోజే డాక్టరుకు చూపించండి.

మొదలుపెట్టిన రెండు మూడు వారాల్లో ఇంట్లో గొడవ పెరిగినట్లు అనిపించవచ్చు. ఆర్నెల్లుగా నోరు మూసుకున్నవాళ్ళు మాట్లాడితే మొదట వచ్చేది కేకలే. నాలుగైదు విడతలు చూడండి. అప్పటికీ కౌన్సెలర్ ఒకరి పక్షమే వహిస్తున్నారనిపిస్తే, ఆ మాట ఆ గదిలోనే అనండి. తీరు మారకపోతే వేరే కౌన్సెలర్ దగ్గరకు వెళ్ళండి. అందాకా ఇంట్లో ఒక పని చేయవచ్చు. అన్నానికి రమ్మని పాప చేత కబురు పంపకుండా, మీరే వెళ్ళి పిలవండి.