మీకు తెలుసా? క్రోటన్ రంగుల గుట్టు ఎండలోనే!

• పంజాగుట్ట అపార్ట్‌మెంట్లలో కుండీల్లో పెంచుకునే రంగురంగుల క్రోటన్, మన ఆముదం మొక్కకు చుట్టం. రెండూ యుఫోర్బియేసి కుటుంబానివే.

• క్రోటన్ పుట్టిల్లు ఇండోనేషియా, మలేసియా, పసిఫిక్ దీవులు. లిన్నేయస్ 1753లోనే దీన్ని తన గ్రంథంలోకి ఎక్కించాడు.

• లేత ఆకు చాలా రకాల్లో పచ్చగానే వస్తుంది. ముదిరేకొద్దీ ఎరుపు, పసుపు, నారింజ రంగులు తేలతాయి. నీడలోనే ఉంచితే రంగు తగ్గి పచ్చబడుతుంది.

• పొద్దుటి ఎండ మంచిది. మే నెల మిట్టమధ్యాహ్నపు ఎండకు కుండీలో మొక్క ఆకులు మాడతాయి.

• చోటు మారిస్తే ఆకులు రాల్చడం దీని అలవాటు. కంగారుపడి నీళ్లు ఎక్కువ పోయకండి.

• వానాకాలంలో కొమ్మ నాటినా, గాలి అంటు కట్టినా తల్లి మొక్క రంగులే వస్తాయి.

• తుంచితే కారే రసం చర్మానికి పడకపోవచ్చు. కత్తిరించేటప్పుడు గ్లవ్స్ వేసుకోండి, పసిపిల్లలకు అందనివ్వకండి.