పల్లెటూరి విమాన మైదానమున అపరిచితుని యుపకారము

విమానమనగానే మన మనస్సునకు మహానగరముల చెంత రేయింబవళ్లు దీపములతో వెలుగు గొప్ప విమానాశ్రయములే తోచును. కాని విమానము నడుపు విద్య తొలిదినములలో పెరిగిన తావులు వేఱు. ఊరికి దూరముగా నొక పచ్చికబయలు, ఒక రేకుల కొట్టము, గాలివాలు తెలుపుటకు కొయ్యకు కట్టిన గుడ్డతిత్తి, కొన్ని పెట్రోలు పీపాలు మాత్రమే గల చిన్న మైదానములలో ఆ విద్య చాలవఱకు ఒకరి చేతినుండి మఱియొకరి చేతికి సంక్రమించినది. అనుకొనకుండ నెదురైన అనుభవశాలి చెప్పిన రెండు మాటలచే క్రొత్తవాని బ్రదుకు చక్కబడిన సందర్భము లచ్చట కలవు. అట్టిదాని నొకదానిని మా విద్యార్థులకు వివరింపదలచితిమి.

1918లో మొదటి ప్రపంచ యుద్ధము ముగిసిన పిమ్మట అమెరికా ప్రభుత్వము తనకు మిగిలిపోయిన సేనావిమానములను చౌకగా విక్రయించెను. వానిలో 'జెన్నీ' యను ముద్దుపేరు గల కర్టిస్ విమానము ప్రసిద్ధము. దాని ఱెక్కలు రెండంతస్తులు. దేహము కొయ్యతో చేసి గుడ్డ కప్పినది. ఇంజను 90 అశ్వశక్తి గలది. యుద్ధమునుండి తిరిగివచ్చిన చోదకులు పలువురు ఇట్టివాని సంపాదించి, పల్లెపల్లెకు పోయి, చేలలో దిగి, కొలది డాలర్లు పుచ్చుకొని జనులను ఆకాశమున త్రిప్పుచు జీవించుచుండిరి. మన తోలుబొమ్మలాటవారు ఊరూర తిరిగినట్లే వారును తిరిగిరి. విమానము నడుపువారికి అనుమతిపత్ర ముండవలెనను దేశవ్యాప్తమైన చట్టము 1926 వఱకు అమెరికాలో లేదు. సొమ్ము చెల్లించినవాడు విమానమును తీసికొని పోవచ్చును. నడుపుట వచ్చునా యని అడుగువారు లేరు.

1923లో చార్లెస్ లిండ్‌బర్గ్ అను 21 ఏండ్ల యువకుడు జార్జియా రాష్ట్రమున అమెరికస్ పట్టణము చెంతనున్న సౌథర్ ఫీల్డ్ మైదానమునకు వచ్చి, 500 డాలర్ల కొక జెన్నీని కొనెను. అంతకు ముందటి సంవత్సరము నెబ్రాస్కా రాష్ట్రమున అతడు గురువుతో గూడి సుమారు ఎనిమిది గంటలు ఎగిరి యుండెను. ఒంటరిగా మాత్ర మెన్నడును ఎగిరి యెఱుగడు. ఏలయనగా, విమానము చెడినచో నష్టము తీర్చుటకు పూచీసొమ్ము కట్టుమని కోరగా అది యతనియొద్ద లేకపోయెను. పైగా కొన్ని నెలలనుండి అతడు నడుపుకఱ్ఱను ముట్టలేదు. మైదానమునందలివా రతనిని నేర్పరి యనియే తలచిరి. తాను నేర్పరిని కానని అతడును చెప్పలేదు.

విమానము నేల విడిచి కొన్ని యడుగులు లేచినంతనే ఒక ప్రక్కకు వాలెను. అతడు తడబడి ఇంజను తగ్గించి దింపగా, అది ఒరిగి నేలను తాకెను. దైవకృపచే ఏమియు విఱుగలేదు. చూచుచున్నవారి యెదుట అతడు సిగ్గుపడెను.

విమానమును దించుట ఏల కష్టమో మన మిచ్చట గ్రహింపవలెను. విమానము వేగముగా సాగునంతవఱకు గాలి దాని ఱెక్కలను పైకి మోయుచుండును. దిగునపుడు నేలకు కొంచెము పైగా ముక్కు నెత్తి, వేగమును మెల్లమెల్లగా పోనిచ్చి, గాలి మోయజాలని క్షణముననే చక్రములు నేలను తాకునట్లు చేయవలెను. ఈ పని మిక్కిలి యెత్తున చేసినచో విమానము దబ్బున పడును. ఆలస్యముగా చేసినచో నేలకు కొట్టుకొని బంతివలె ఎగురును. ఆ యెత్తును కన్నును చేయియు కలిసి గుర్తింపవలెనే గాని గ్రంథము చదివి తెలిసికొనుట సాధ్యము గాదు.

అప్పుడు ఆ మైదానముననే యున్న మఱియొక చోదకుడు లిండ్‌బర్గును సమీపించి, తాను ముందరి పీటపై కూర్చుండి కొన్ని మాఱులు ఎగురుటయు దిగుటయు చేయింతునని చెప్పెను. అతడు నిందింపలేదు, నవ్వలేదు. జెన్నీలో ముందొక పీట, వెనుక నొక పీట కలవు. రెంటియొద్దను నడుపుకఱ్ఱ లున్నవి. అవి యొకదానితో నొకటి కలిసి కదలును. కావున గురువు చేతి కదలిక శిష్యుని చేతికి తెలియును. శిష్యుని తడబాటు గురువునకు తెలియును. సైకిలు నేర్చు తమ్ముని వెనుక అన్న పీట పట్టుకొని పరుగెత్తుటవంటిదే ఇది.

ఇట్లు కొన్ని మాఱులు చేయించి ఆ చోదకుడు, సాయంకాలము గాలి కుదుటపడు వఱకు వేచియుండి పిమ్మట ఒంటరిగా ఎగురుమని సలహా చెప్పెను. ఇందును శాస్త్రము కలదు. పగలు సూర్యుని వేడిమికి నేల కాగును. దున్నిన చేను త్వరగా కాగును. చెఱువును అడవియు నెమ్మదిగా కాగును. కాగిన నేలపై గాలి తేలికయై పైకి లేచును, వేఱొకచోట దిగును. ఈ పోటుపాట్లలో విమానము ఎద్దుబండివలె కుదుపులు తినును. ప్రొద్దు వాలినకొలది నేల చల్లారి గాలి నిశ్చలమగును. లిండ్‌బర్గు ఆ మాట పాటించి, సాయంసమయమున మొదటిసారి ఒంటరిగా ఎగిరి, సుఖముగా దిగెను.

నాలుగేండ్ల పిమ్మట, 1927 మే 20, 21 తేదీలలో, ఇదే లిండ్‌బర్గు న్యూయార్కునుండి పారిస్ వఱకు సుమారు 5,800 కిలోమీటర్లు, 33 గంటలకు పైగా, ఒంటరిగా ఎడతెగక ఎగిరి లోకప్రఖ్యాతి గాంచెను. తరువాతి కాలమున అతని రాజకీయాభిప్రాయములను పలువురు గర్హించిరి. ఆ యభిప్రాయములను మేమును మెచ్చము. అయినను, ఆనాడు సిగ్గుచే అపరిచితుని సాయము నిరాకరించి యుండినచో, అతని కథ ఆ పచ్చికబయలుననే ముగిసి యుండెడిదేమో.

మన దేశీయుల చరిత్రలోను ఇట్టి కలయిక యొకటి కలదు. ఇంగ్లండు, ఇండియాల నడుమ ఒంటరిగా ఎగిరిన మొదటి భారతీయునికి ఆగాఖాన్ 500 పౌనుల బహుమానము ప్రకటించెను. 1930లో జె. ఆర్. డి. టాటా కరాచీనుండి బయలుదేరి ఈజిప్టులోని అబూకీరున దిగెను. ఎదురుదిక్కునుండి వచ్చిన 17 ఏండ్ల ఆస్పీ ఇంజనీరు అచ్చట స్పార్కు ప్లగ్గులు లేక నిలిచిపోయి యుండెను. టాటా తనయొద్ద అదనముగా నున్న ప్లగ్గులను ఆ పోటీదారునికే యిచ్చెను. ఆస్పీ కొలది గంటల ముందుగా గమ్యము చేరి బహుమానము పొందెను. ఓడిన టాటా 1932లో మన దేశమున విమానపు తపాలా సర్వీసు నారంభించెను; గెలిచిన ఆస్పీ 1960లో భారత వాయుసేనకు ప్రధానాధిపతి యయ్యెను.

అపొస్తలుల కార్యములలో, గాజాకు పోవు అరణ్యమార్గమున గ్రంథము చదువుకొనుచు అర్థము తెలియక యున్న ఐతియొపీయుడైన అధికారిని ఫిలిప్పు కలిసికొనిన వృత్తాంతము మన విద్యార్థు లెఱుగుదురు. ఫిలిప్పు దూరమునుండి కేకవేసి బోధింపలేదు. రథమెక్కి ప్రక్కన కూర్చుండెను. పని ముగిసిన పిమ్మట వారు మరల కలిసికొనలేదు. సౌథర్ ఫీల్డులో ముందరి పీట నెక్కిన చోదకుడు చేసినదియు ఇట్టిదే.

కావున విద్యార్థులారా, తెలియనిదానిని తెలియదని చెప్పుటకు సిగ్గుపడకుడు. లెక్క రానివాడు లెక్క వచ్చినవానిని అడుగుట అవమానము గాదు. ఇక తెలిసినవారలారా, తోటివాడు తడబడినపుడు నవ్వువారిలో చేరకుడు; లేచి పోయి వాని ప్రక్కన కూర్చుండుడు. వాడు రేపెంత దూరము ఎగురునో ఈనాడు మనకు తెలియదు.