ఆలస్యానికి సంతకం లేదు

మొన్న సంక్రాంతి సెలవులకు మా పాత శిష్యులిద్దరు ఒకే రోజున మా ఇంటికి వచ్చారు. ఇద్దరూ ప్రభుత్వోద్యోగులు. చిత్రమేమంటే ఇద్దరి పనీ ఒకటే: టెండర్లు పిలవడం, వచ్చిన ధరలు సరిపోల్చి పట్టిక వేయడం, ఒప్పందం కాగితాలు సిద్ధం చేయడం. ఒకడు జిల్లాలో రోడ్లు వేయించే ఆఫీసులో ఉన్నాడు. రెండోవాడు నగరంలో, ఆస్పత్రులకు సామాను కొనిపెట్టే కార్యాలయంలో ఉన్నాడు. జీతం రెండోవాడికే ఎక్కువ. కాఫీ తాగుతూ, ఉద్యోగం మానేద్దామనుకుంటున్నానన్నవాడూ వాడే!

"అదేమిటోయ్! ఈ ఉద్యోగాల కోసం కుర్రాళ్ళు ఏళ్ళ తరబడి పరీక్షలు రాస్తున్నారే!" అన్నాను.

"ఆరేళ్ళయింది, మాస్టారూ. నేను కొన్న మంచం ఒక్కటీ కంటితో చూడలేదు. చూసేదల్లా ఫైలే. నేను నోటు రాస్తాను, పైవారు 'చర్చించండి' అని రాస్తారు, చర్చిస్తే మళ్ళీ నోటు రాయమంటారు. సంతకం పెడితే రేపు ఆడిట్‌వారు అడుగుతారు. పెట్టకపోతే ఎవరూ అడగరు. ఆలస్యానికి సంతకం ఉండదు గదా!"

ఆ చివరి మాట నాకు ముల్లులా గుచ్చుకుంది. దేవుడు వరమిచ్చినా పూజారి ఇవ్వడని మనం గుమాస్తాలను ఆడిపోసుకుంటాం. ఆ పూజారి భయమేమిటో ఎన్నడైనా ఆలోచించామా?

నిబంధనలు ఊరికే పుట్టలేదు. అది ప్రజల సొమ్ము. అవినీతిని అరికట్టడానికి సంతానం కమిటీ సిఫార్సు మీద 1964లో కేంద్ర విజిలెన్స్ కమిషన్ ఏర్పడింది. వెనక టెండరు పెట్టె దగ్గర మనుషులను కాపలా పెట్టి, ఇతరులను కాగితం వేయనివ్వని కాంట్రాక్టర్లుండేవారు. 2003లో మన రాష్ట్రంలో కంప్యూటరు ద్వారా టెండర్లు మొదలయ్యాక ఆ పెట్టె బెడద తగ్గింది. 2016లో కేంద్రం 'జెమ్' అనే అంగడినే కంప్యూటరులో తెరిచింది. పెట్టె పోయింది గాని, గుండెలో భయం పోలేదు.

మరి మొదటివాడికి ఆ భయం లేదా? ఉంది. వాడి ఆఫీసులోనూ కొలతల పుస్తకం ఉంది. దానిలో ప్రతి పేజీకీ అంకె ఉంటుంది. ఒక్క కాగితం చింపరాదు. తప్పు రాస్తే కొట్టివేసి పక్కన పొట్టి సంతకం చేయాలి. అయితే వాడి పై ఇంజనీరు ఏడాదికి రెండుసార్లు గుమాస్తాలను జీపెక్కించి పని జరిగే చోటికి తీసుకువెళతాడట.

"వానాకాలంలో వాగు దాటలేక బడి మానేసే పిల్లలు మా కల్వర్టు మీద నడిచి వెళుతున్నారు, మాస్టారూ. ఆ వేళనుంచి ఫైలు బరువనిపించలేదు" అన్నాడు.

ఇంతకూ నేనేమీ తక్కువవాణ్ణి కాను. ఒకప్పుడు మా కాలేజీ కొనుగోలు కమిటీలో నేనూ సభ్యుణ్ణే. లైబ్రరీకి బీరువాలు కావలసివచ్చాయి. అందరికన్నా తక్కువ ధర వేసినవాడి బీరువా తలుపు సరిగా పడదని నాకు తెలుసు. అయినా ఎందుకొచ్చిన గొడవ అని సంతకం చేశాను. ఒక వానాకాలంలో పాత ప్రబంధాలు కొన్ని చెదల పాలయ్యాయి. నన్నెవరూ అడగలేదు. నిబంధన ప్రకారం నేను నిర్దోషిని!

తక్కువ ధరే పరమధర్మం కాదని ప్రభుత్వమూ గుర్తించకపోలేదు. 2021 అక్టోబరులో కేంద్ర ఆర్థికశాఖ, నాణ్యత ముఖ్యమని ముందుగా ప్రకటించిన పనులకు ధరతోపాటు నాణ్యతకూ, 30 శాతానికి మించకుండా, మార్కులు వేయవచ్చునన్నది. మంచిదే. అయితే ఆ మార్కులు వేయవలసినవాడు వస్తువును ఎరిగి ఉండాలి. ఎరగనివాడి చేతికి ఎంత మంచి నిబంధన ఇచ్చినా మరో కాగితమే అవుతుంది.

వెళ్ళేటప్పుడు రెండోవాడితో, "రాజీనామా రాసేముందు నువ్వు కొన్న మంచాలు ఒక్కసారి చూసి రావోయ్" అన్నాను.

మొన్న ఫోను చేశాడు. సెలవు పెట్టి వెళ్ళి చూశాడట. మంచాలు బాగానే ఉన్నాయి గాని చక్రాలు బిగుసుకుపోతున్నాయట; ఆయాలు రోగులను తోయలేక అవస్థ పడుతున్నారట. "వచ్చే టెండరులో చక్రం ఎలా ఉండాలో వివరంగా రాయాలి, మాస్టారూ. నోటు మొదలుపెట్టాను" అన్నాడు.

రాజీనామా మాట వాడెత్తలేదు. నేనూ అడగలేదు.